పదకొండింటికి తెరిచే కొట్టు

దర్జీపనిలో ఆమెకు పేరు తెచ్చినవి కాజాలు. గుండీ పట్టేంత కంత కోసి, చుట్టూ చేత్తో కుట్టిందంటే మిషను కూడా సిగ్గుపడాలి. అందుకే వీధి మొత్తానికీ ఆమె కాజాలక్క. ఆ పిలుపు విని మిఠాయి కొట్టనుకుని వచ్చినవాళ్ళూ లేకపోలేదు. భర్త సిటీబస్సు డ్రైవరు. ఆయనది మధ్యాహ్నం డ్యూటీ. ఆమె మాత్రం ఎనిమిదింటికల్లా షట్టరు ఎత్తేసేది.

నలభై నాలుగో ఏట ఒక పొద్దున లేచేసరికి రెండు చేతుల వేళ్ళూ ముడుచుకోలేదు. కణుపులు ఉబ్బి, వేడిగా ఉన్నాయి. పని ఎక్కువై పట్టేశాయనుకుని, వేడినీళ్ళలో ముంచుకుంటూ నెల నెట్టుకొచ్చింది. తర్వాత చేతిలో కంచం జారింది. తాళం తిరగనంది. సూది పట్టు చిక్కలేదు. ఎవరికీ చెప్పలేదు. కాజాల పని ఒప్పుకోవడం మానేసి, చూపు మసకేసిందని సాకు చెప్పేది.

ఒకరోజు భర్త గదిలోకి వచ్చేసరికి స్వెట్టరు గుండీలు పెట్టుకోలేక ఏడుస్తోంది. ఆయన ఆమెకెదురుగా కూర్చుని ఒక్కొక్కటే పెట్టాడు. ఎక్కడో ఒక కాజా తప్పి, చివర్లో ఒక గుండీ మిగిలిపోయింది. ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

ఆసుపత్రిలో రక్తపరీక్షలు చూసిన డాక్టరమ్మ, ఇది కీళ్ళ అరుగుదల కాదు, రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంది. ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరబడి కీళ్ళ మీద పడుతోందట. మాత్రలు వారానికోసారి. గుణం కనిపించడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. రోజులో ఏ పూట చేతులు మీ మాట వింటాయని అడిగింది. పదకొండు దాటాక, అంది కాజాలక్క.

"అయితే కొట్టు పదకొండింటికే తీయండి."

ఆమెకు మింగుడు పడలేదు. పొద్దెక్కాక వచ్చే దర్జీని ఎవరు నమ్ముతారని, అసలు కొట్టే మూసేసి వారం రోజులు మంచం దిగలేదు. ఎనిమిదో రోజు పక్కకొట్టు ఇస్త్రీ ఆయన వచ్చి, మీ షట్టరు తీసి ఉందేమిటని అడిగాడు. కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి చూస్తే భర్త. గుడ్డపీలిక మీద కాజా కుడుతున్నాడు, నాలుక పంటికింద పెట్టుకుని.

"ఇది కాజానా, కిటికీనా?" అంది.

"ముందు ఇందులో బస్సు పట్టనీ, గుండీ సంగతి తర్వాత," అన్నాడు తలెత్తకుండా.

ఆమె పక్కన కూర్చుంది. కుట్టు కుట్టుకీ ఎడం ఎంతుండాలో, దారం ఎప్పుడు లాగాలో చెప్పింది. మధ్యాహ్నానికి కిటికీ కాస్తా కాజా అయింది. తన చేయి పడకుండా తన పని జరగడం ఆమెకు బాధగానూ ఉంది, బాగానూ ఉంది.

కొట్టు మీద కొత్త బోర్డు వేయించింది: పదకొండు నుంచి, అక్క చేతులు నిద్రలేచాక. ఇద్దరు ముగ్గురు వేరే దర్జీని చూసుకున్నారు. మిగతావాళ్ళు పదకొండింటికే వచ్చారు. మూడో నెలకి వాపు తగ్గింది. అయినా కొన్ని వారాలు చేతులు మొండికేసేవి. అప్పుడు కత్తిరింపు ఆమె నోటితో, కత్తెర ఆయన చేతిలో.

శనివారాలు కాజాలు నేర్పడం మొదలుపెట్టింది. నలుగురు చేరారు, అందులో ఇస్త్రీ ఆయన ఒకడు. మూడయ్యేసరికి నీరసం ముంచుకొచ్చి బల్ల మీద వాలిపోయేది. దారం గుంజిన చప్పుడు వింటే కళ్ళు మూసుకునే అనేది:

"ఎవరిదో దారం చిక్కుపడింది, తెంపకండి. నిదానంగా విప్పండి, తొందరేం లేదు."