తోడికోడలి శనిగ్రహం

పెద్ద కోడలికి కళ్ళద్దాల దుకాణం ఉంది. ముందు గదిలో ఫ్రేములు, వెనక చీకటి గదిలో కంటి పరీక్ష, ఆ పక్కన అద్దాలు అరగదీసే మిషను. పగలంతా ఊళ్ళోవాళ్ళ చూపు సరిచేసి, సాయంత్రం ఇంటికి రాగానే పెరట్లో తన ఎనిమిదంగుళాల టెలిస్కోపు నిలబెట్టి గ్రహాల ఫోటోలు తీసేది. తొమ్మిదేళ్ళుగా అదే ఆమె పిచ్చి. నక్షత్ర సంఘం వాళ్ళు ఏటా వేసే గోడ క్యాలెండరులో మూడేళ్ళు వరసగా ఆమె ఫోటో పడింది. వీధిలో ఎవరింటికి చుట్టాలొచ్చినా, "మా కళ్ళద్దాలక్క ఇంటికెళ్ళి చంద్రుణ్ణి చూసొద్దాం పదండి" అని తీసుకొచ్చేవారు. అంతకన్నా గొప్ప బిరుదు ఆమెకు అక్కర్లేకపోయింది.

ఇల్లు రెండు వాటాలు. ఒకదాంట్లో ఆమె, భర్త, అత్తగారు. రెండోదాంట్లో మరిది, అతని భార్య. పెరడు మాత్రం ఉమ్మడి. చిన్న కోడలు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం చేసేది. నెమ్మది మనిషి. కాపురానికొచ్చిన కొత్తలో "అక్కా, నేనూ చూడనా?" అంటూ వెనకవెనకే తిరిగింది. పెద్దామె మురిసిపోయి అన్నీ చెప్పింది. గ్రహాన్ని ఫోటో తీయకూడదు, వీడియో తీయాలి. పైన గాలి నీళ్ళలా కదులుతూ ఉంటుంది కాబట్టి వేల బొమ్మల్లో నిలకడగా ఉన్నవి ఏరి, కంప్యూటరులో ఒకదాని మీద ఒకటి పేర్చాలి. ఒక్క ముక్క కూడా దాచుకోలేదు.

రెండేళ్ళయ్యాక చిన్నామె ఎవరో వాడి వదిలేసిన అయిదంగుళాల టెలిస్కోపు కొనుక్కుంది. దాన్ని చూసి పెద్దామె జాలిపడింది కూడా. "పోనీలే, నేర్చుకోవడానికి ఆ మాత్రం చాలు" అంది.

నాలుగు నెలలు తిరక్కుండానే ఒక ఆదివారం పొద్దున అత్తగారు రెండు ఫోటోలు చేత పట్టుకుని వసారాలో కూర్చుంది. రెండూ శనిగ్రహానివే, రెండూ ఆ వారం తీసినవే. "శనిని ఏరికోరి ఇంటికి తెచ్చుకునేవాళ్ళు మీరిద్దరే తల్లీ" అని నవ్వి, ఫోటోలు ముక్కుకు దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది. "చిన్నదాని బొమ్మలో ఉంగరం విడిగా, తేటగా ఉందే! నీది కాస్త గీసినట్టుందేమే?"

"వెలుతురు అలా పడింది అత్తయ్యా" అని పెద్ద కోడలు లోపలికి వెళ్ళిపోయింది. స్టవ్ మీద పాలు పొంగుతుంటే అలాగే చూస్తూ నిలబడింది.

అత్తగారి మాట నిజమని ఆమెకు తెలుసు. చూపుల పని చేసే మనిషికి ఇంకొకరు చెప్పాలా? చిన్నదాని ఫోటోలో రెండు వలయాల మధ్య నల్లటి సందు చుట్టూ తెగకుండా తిరిగింది. గోళం మీద మబ్బుల పట్టీలు పాల మీగడలా మెత్తగా ఉన్నాయి. అంత చిన్న గొట్టంతో! ఆ రోజు నుంచి చిన్నామె పెరట్లోకి వస్తే ఈమె లోపలికి వెళ్ళేది. "అదృష్టం, ఆ రోజు గాలి నిలిచి ఉంటుంది" అని భర్తతో అంది. వారం తర్వాత చిన్నామె గురుగ్రహాన్ని తీసింది. అది ఇంకా బాగా వచ్చింది. ఈసారి భర్త అడక్కపోయినా, "వాళ్ళ వైపు గోడ అడ్డముంది, గాలి తగలదు" అంది. ఆయన తలెత్తకుండా "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" కూడా ఆమెకు మంటగానే తగిలింది.

ఇంతలో నక్షత్ర సంఘం కార్యదర్శి ఫోను చేశాడు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు.

"అమ్మా, ఈసారి క్యాలెండరు ముఖచిత్రానికి మీ ఇంటి శనినే అనుకున్నాం."

ఆమె గుండె ఒక్కసారి గంతేసింది. "అలాగే మాస్టారూ, పెద్ద సైజుది పంపిస్తాను."

"అబ్బే, మీది కాదమ్మా, మీ తోడికోడలు పంపినది. నెలాఖరులోగా ఇంకాస్త పెద్దదిగా తీసివ్వమని చెప్పండి. ఏమైనా మీ శిష్యురాలేగా!"

"అవును మాస్టారూ, చెప్తాను" అంది పెద్ద కోడలు. ఫోను పెట్టేశాక, చేతిలో ఉన్న అద్దం మిషను మీద అరగాల్సినదానికన్నా ఎక్కువ అరిగిపోయింది.

ఆ కబురు విని చిన్నామె చిన్నపిల్లలా ఎగిరింది. మర్నాడు సాయంత్రం టెలిస్కోపును చంకలో పసిబిడ్డలా పెట్టుకుని వచ్చింది. "అక్కా, దీని లోపలి అద్దం కాస్త పక్కకి ఒరిగినట్టుంది. సరిచేసి పెట్టవా? వెనకున్న ఆ స్క్రూలు ముట్టుకోవాలంటేనే నాకు భయం. నీ చెయ్యి పడితే ఇక చూసుకోనక్కర్లేదు."

పెద్ద కోడలు అద్దాన్ని సరిచేసింది. తొమ్మిదేళ్ళలో ఎన్నడూ చేయనంత చక్కగా చేసింది. చిన్నామె నీళ్ళు తాగుదామని లోపలికి వెళ్ళింది. అప్పుడు పెద్దామె ఒక స్క్రూను పావు చుట్టు తిప్పింది. కళ్ళకు కనిపించేటంత తేడా కాదు. శనిగ్రహానికి మాత్రం అది చాలు.

తర్వాతి పది రోజులూ చిన్నామె ఫోటోల్లో వలయాలు ఒక పక్కకి అలికినట్టు వచ్చాయి. గోడకి ఇవతల పెద్ద కోడలు హాయిగా భోంచేసింది, హాయిగా నిద్రపోయింది. "ఏం, ఈమధ్య బొమ్మలేం చూపించట్లేదు మీ చిన్నది?" అని అత్తగారిని తనే అడిగింది.

పదకొండో రోజు మధ్యాహ్నం చిన్నామె ఆసుపత్రి కోటుతోనే దుకాణానికి వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది.

"అక్కా, నా కళ్ళు చూడు. సైటొచ్చినట్టుంది."

"ఏమైందీ?"

"ఫోకస్ కుదరట్లేదు. ఎంత తిప్పినా అలుక్కుపోతోంది."

"టెలిస్కోపుదేమో?" అనేసి నాలుక కరుచుకుంది పెద్ద కోడలు.

"నువ్వే కదా సరిచేసింది! దాని తప్పెందుకవుతుంది? నా కళ్ళే." చిన్నామె కుర్చీలో కూలబడింది. "ఫోటోలు పోతే పోయాయి. నిన్న ఒక ముసలాయన చెయ్యి ఎక్స్‌రే తీశాను. ఎముక చిట్లిందో లేదో నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను. పాపం ఆయన్ని మళ్ళీ పడుకోబెట్టి, ఆ నొప్పి చెయ్యి తిప్పించి ఇంకోసారి తీశాను. ఆయన అరిచిన అరుపు ఇంకా చెవుల్లోనే ఉందక్కా. చూపు సరిగ్గా లేకపోతే ఆ పనిలో ఎలా ఉండను?"

పెద్ద కోడలు లైటు ఆర్పి, అక్షరాల బోర్డు వెలిగించింది. అద్దాలు మార్చి మార్చి పెట్టింది. "ఇది తేటగా ఉందా, ఇదా?" చిన్నామె అట్టడుగు వరస కూడా తడుముకోకుండా చదివేసింది. అంత మంచి కళ్ళు ఆ దుకాణానికి వచ్చి ఎన్నాళ్ళయిందో.

చీటీ, పెన్నూ చేతిలో ఉన్నాయి. కొద్దిగా సైటుందని ఒక చిన్న అంకె వేస్తే చాలు. అద్దాలు పెట్టుకుంటుంది, ఫోటోలు మానేస్తుంది, ఎవరూ ఎన్నటికీ కనిపెట్టలేరు. ఆ చీకట్లో నిలబడి పెద్ద కోడలు ఈ లెక్క మొత్తం వేసుకుంది. వేసుకున్నందుకు ఒళ్ళు జలదరించింది.

"నీ కళ్ళు బంగారంలా ఉన్నాయి. నేనే ఆ స్క్రూ తిప్పాను" అంది.

చిన్నామెకు వెంటనే అర్థం కాలేదు. "ఏ స్క్రూ?"

"నీ టెలిస్కోపుది. సరిచేశాక మళ్ళీ తిప్పాను. కావాలనే."

బోర్డు వెలుగులో చిన్నామె ముఖం రాయిలా బిగుసుకుపోయింది. "ఎందుకు?"

"నీ శని నా శని కన్నా బాగుంది. ఓర్వలేకపోయాను."

చిన్నామె ఏడవలేదు, తిట్టలేదు. కోటు గుండీలు పెట్టుకుంటూ లేచింది. "సాయంత్రం పెరట్లోకి రా. ఆ స్క్రూలు ఎలా తిప్పాలో నాకు నేర్పు. ఇక నీ చేతికివ్వను."

వెలుతురుండగానే నేర్పింది. చిన్నామె తన చేతులతోనే సరిచేసుకుంది. "ఎటు తిప్పాలి?" "ఇంకానా?" అన్న రెండు ప్రశ్నలు తప్ప ఇంకో మాట లేదు. నెలాఖరుకు ఫోటో వెళ్ళింది, ముఖచిత్రమైంది. అత్తగారు దాన్ని హాల్లో గడియారం కింద తగిలించింది. కుళ్ళు తగ్గుతుందేమోనని పెద్ద కోడలు ఎదురుచూసింది కానీ తగ్గలేదు. ఆ గోడ దాటిన ప్రతిసారీ చురుక్కుమంటూనే ఉంది.

రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం పెరట్లో ఇద్దరూ చెరో మూలా ఉన్నారు. ఉండబట్టలేక పెద్ద కోడలే అడిగింది.

"ఒక్క ఫోటోకి ఎన్ని వీడియోలు తీస్తావు నువ్వు?"

"నలభై."

"అన్నీ వాడతావా?"

"ముప్పై తొమ్మిది పారేస్తాను."

పెద్ద కోడలు ఎప్పుడూ రెండో మూడో తీసి, వాటినే సాగదీసి మెరుగుపెట్టేది. తీసినదాన్ని పారేయడానికి ఏనాడూ చెయ్యి రాలేదు. ఆ వారం పట్టుబట్టి పాతిక తీసింది. ఒక్కటి ఉంచుకుంది. దాన్ని కంప్యూటరులో గీతలు తేలేలా బాగా పదును పెట్టి, గోడకి అవతలి వాటా తలుపు తట్టింది.

చిన్నామె కంప్యూటరు మీద ఆ ఫోటోను పెద్దది చేసి చాలాసేపు చూసింది. ఎక్స్‌రే చూసేటప్పుడు కూడా ఇలాగే చూస్తుందేమో.

"బాగుంది. కానీ ఇక్కడ ఎక్కువ పదును పెట్టావు. ఈ గీత గ్రహం మీద లేదు, నువ్వు తెచ్చావు. మా పనిలో లేని గీత కనిపిస్తే లేని జబ్బుకి మందేస్తారు."

పెద్ద కోడలి చెంపలు వేడెక్కాయి. ఫోటో తీసుకుని వెళ్ళిపోదామనిపించింది. కానీ కుర్చీ లాక్కుని చిన్నామె పక్కన కూర్చుంది.

"ఏ గీత? ఎక్కడ?" అంది.