తిత్తి టీచర్

మరిది ప్రిన్సిపాలయితే వదినకి కాస్త అండ ఉంటుందనుకుంటాం. ఉంటుంది, ఉంటుంది. ఆ సంగీత పాఠశాలలో ముప్పయ్యేళ్ళుగా అకార్డియన్, అంటే భుజాన తగిలించుకుని తిత్తి లాగుతూ వాయించే పెట్టె, నేర్పుతున్న వదినని, అదే, అందరూ తిత్తి టీచరని పిలిచే ఆవిడని, ఆ మహానుభావుడు గదిలోకి పిలిచి కుర్చీ కూడా చూపించలేదు.

"కొత్త పియానో వస్తోంది వదినా. ఇచ్చేది పెద్దమనిషి. నీ క్లాసు ఈ నెలతో సరి. రేపు వార్షికోత్సవంలో జ్ఞాపిక ఇస్తాం, వచ్చి తీసుకో. కానీ ఆ పెట్టె మాత్రం హాల్లో ఒక్క స్వరం పలకడానికి వీల్లేదు. అది వీధుల్లో వాయించుకునే సరుకు."

టీచర్‌కి ఒళ్ళు మండిపోయింది. ఎనిమిదేళ్ళప్పుడు వీడు సరిగమలు నేర్చుకున్నది ఆ పెట్టె మీదే మరి.

"వీధి సరుకే," అంది. "పియానో దగ్గరికి మనిషి వెళ్ళాలి. ఇది మనిషి వెంట వస్తుంది. వలసపోయినవాళ్ళతో ఓడలెక్కింది, గని కూలీల పాకల్లో పాడింది. పియానో కొనలేనివాళ్ళు భుజానికి తగిలించుకున్న పియానో ఇది. అందుకేగా నీకు నామోషీ?"

"రేపు నా పరువు తీయకు, చాలు," అన్నాడు మరిది.

ఆవిడ నేరుగా క్లాసుకెళ్ళింది. పంతొమ్మిది మంది. బస్సు కండక్టరు, ఆస్పత్రి ఆయా, బట్టలు కుట్టే అక్కాచెల్లెళ్ళు, అందరూ డ్యూటీ దిగి వచ్చేవాళ్ళే. తన ఉద్యోగం పోతే పోనీ. ఈ గదికి తాళం పడితే వీళ్ళని ఎవరు రానిస్తారన్నదే ఆవిడ కడుపుమంట.

మర్నాడు సాయంత్రం హాలు కిక్కిరిసింది. జ్ఞాపిక కోసం పిలిస్తే, టీచర్ పట్టీలు బిగించుకుని పెట్టెతో సహా వేదికెక్కింది. ప్రిన్సిపాలు మొహం మాడిపోయింది.

టీచర్ స్వరాల మెట్ల మీద వేలు పెట్టలేదు. ఎడమచేతి బొటనవేలితో గాలి బటన్ నొక్కింది. అది నొక్కి ఉంచితే తిత్తి తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, స్వరం మాత్రం పలకదు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు నేర్పేది అదే. తెరిచింది, మూసింది, సరిగ్గా మొదటి పాఠం లయలో. హాలంతా గాలి చప్పుడు.

వెనక వరసలో కండక్టరు ఆ పాఠం సరిగమలు అందుకున్నాడు. ఆయా గొంతు కలిపింది. చూస్తుండగానే పంతొమ్మిది మందీ లేచి నిలబడి పాడుతున్నారు.

"ఆపు వదినా," అన్నాడు మరిది పళ్ళ బిగువున.

"నేనెక్కడ వాయిస్తున్నాను? పాడేవాళ్ళని ఆపుకో."

ఆపడానికే తిరిగాడు పాపం. ముందు వరసలో, పియానో ఇస్తున్న పెద్దమనిషి పక్కనే, కన్నతల్లి చేత్తో తాళం వేస్తూ పాడుతోంది. కోడలు వచ్చిన రోజు నుంచీ ఆ పెట్టెని తిట్టిపోసిన అత్తగారు.

"అమ్మా, నువ్వు కూడానా?"

"నోర్మూసుకుని కూర్చో," అంది ఆవిడ. "ఇన్నేళ్ళూ గోడవతల నుంచి విన్నాను. ఒక్కరోజు నన్ను పాడనీ."

టీచర్‌కి కళ్ళు నిండాయి. బొటనవేలు తీసేసి, కుడిచేతి వేళ్ళు మెట్ల మీద పెట్టి, అత్తగారి శ్రుతికి గట్టిగా వాయించింది. ఎవరేమనుకుంటే వాళ్ళ ఖర్మ.

సోమవారం క్లాసు హాజరుపట్టీలో ఇరవయ్యో పేరు అత్తగారిది. దాన్ని ఆ కొడుకు చేత కొట్టేయించండి చూద్దాం.