నిలబడే కొస

సిరిసిల్లలో మరమగ్గాల సాంచాలు చప్పుడు మొదలుపెట్టే వేళకు పద్మజ చాట ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చుంటుంది. ఎడమ పక్కన తడిగుడ్డలో తునికాకు, చాటలో తంబాకు, చూపుడు వేలికి చుట్టిన దారం. అత్తగారింటికి వచ్చిన మూడో నెలలో అక్కడ కూర్చున్న మనిషి, మధ్యాహ్నం అన్నం వేళకు తప్ప పొద్దుగూకేదాకా లేచేది లేదు. ఆమె వీపు ఆనీ ఆనీ గోడ సున్నం అంత మేర నున్నగా అద్దంలా అయింది. ఈ ఇరవై ఏళ్లలో బిడ్డ అక్షిత పుట్టి ఏడో తరగతికి వచ్చింది, ఇంట్లోని నాలుగు సాంచాలు తుక్కు కిందికి పోయాయి, అవి ఉన్నచోటికి ఏడు సీట్ల కారు వచ్చింది. బీడీలు మాత్రం అట్లాగే పుడుతున్నాయి.

కారు ఆమె మొగుడు దివాకర్‌ది. వేములవాడ మొక్కులవాళ్లను, కోరుట్ల పెళ్లిళ్లవాళ్లను, జగిత్యాల ఆసుపత్రులకు వెళ్లే రోగులను తిప్పుతాడు. పొద్దున్నే దాన్ని తుడిచే శ్రద్ధలో సగమైనా మొహం కడుక్కునేటప్పుడు ఉండదని పద్మజ ఎన్నోసార్లు అంది. ఆయన నవ్వి మళ్లీ అద్దమే తుడుస్తాడు.

ఆ సంవత్సరం ఊరికి చక్రాల దొంగల భయం పట్టుకుంది. కోరుట్ల బస్టాండు వెనక ఒక కారు, జగిత్యాల ఆసుపత్రి ముందు ఇంకొకటి, నాలుగు ఇటుకల మీద చెప్పులు లేని మనుషుల్లా నిలబడి కనిపించాయి. జనం తాళాల బోల్టులు వేయించారు, గొలుసులు చుట్టారు. దొంగలు బోల్టులతో పాటు గొలుసులు కూడా పట్టుకుపోయారు. చివరకు కార్లున్న వాళ్లంతా దేవమ్మ గుమ్మం ముందు నిలబడ్డారు.

దేవమ్మది వైపని. బీము మీద పాత పోగులు అయిపోవస్తే కొత్త బీము పోగుల కొసలను వాటికి ఒక్కొక్కటిగా అతికే పని అది. డెబ్బై దాటినా ఆమె వేళ్లు ఆగలేదు. వాడలో అందరూ పెద్దమ్మ అనే పిలుస్తారు. పెద్దమ్మ అతికిన పోగు విడిపోదు. అది దారం మాటే కాదు, అన్నిటి మాట. చక్రం రిమ్ముకు ఒక కొస కట్టి, ఇంట్లో సాంచ కాలుకు రెండో కొస, అంటే నిలబడే కొస, కట్టి, మధ్యలో దారాన్ని పళ్లతో కొరికేస్తుంది. చూసేవాళ్లకు రెండు ముక్కలే. అయినా అది ఒకటే పోగు. యజమాని తోలుకుపోతే చక్రం మామూలుగానే తిరుగుతుంది. పరాయి చెయ్యి ఊడదీస్తే మాత్రం సాంచ దాన్ని వెనక్కి గుంజుకుంటుంది.

పక్కింటి రాజలింగం చక్రం అట్లాగే వచ్చింది. ఎత్తుకుపోయిన రెండో రోజు పదింటికి, వేములవాడ రోడ్డు మీదుగా తనంత తానే దొర్లుకుంటూ, స్పీడు బ్రేకర్ల దగ్గర నెమ్మదిస్తూ వాడలోకి తిరిగింది. దాని వెనకే పానా పట్టుకుని ఒక మనిషి వంగి వంగి నడిచి వచ్చాడు. అతని ఎడమ చేతి వేళ్లు రిమ్ముకు అతుక్కుని ఉన్నాయి. చక్రం బిగించాక గానీ ఊడిరాలేదు. రాజలింగం భార్య అతనికి చెంబెడు నీళ్లిచ్చింది. తాగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత రాజలింగం సాంచను ఇంకో గోడ వైపు జరుపుదామని పదిమందిని పిలిచాడు గానీ అది ఇసుమంతైనా కదల్లేదు. నిలబడే కొస అంటే అంతే, ఇక అది అక్కడిదేనని పెద్దమ్మ చెప్పింది.

దివాకర్ తన కారును కూడా కట్టమన్నప్పుడు చిక్కు వచ్చింది. ఆ ఇంట్లో సాంచ లేదు. పద్మజ రోలు చూపించింది, ఇంటి దూలం చూపించింది. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. ఇంటికి అన్నం పెట్టేదే కావాలి, ఉన్నచోట ఉండేదే కావాలి, రోలుకు ఆ బాధ్యత ఏముంటుందని అడిగింది.

"గట్లయితే నాకే కట్టు పెద్దమ్మా. గీ ఇంటికి అన్నం పెట్టేది నేనే గదా" అన్నాడు దివాకర్. "మా బాపు లెక్క బీవండి పోతనా, దుబాయి పోతనా? యాడికి పోయినా మాపటికి ఇంట్లనే ఉంట."

పద్మజ చేతిలో బీడీ ఒక్క క్షణం ఆగింది. దారం చుట్టి పక్కన వేసింది. పెద్దమ్మ కూడా ఎందుకో ఆ రోజు తొందరలో ఉంది. నాలుగు చక్రాల కొసలు తెచ్చి అతని మొలతాడుకు కట్టి, దారం కొరికేసింది.

రెండు వారాలు బాగానే గడిచింది. మూడో వారం దివాకర్ కోరుట్లకు పెళ్లివాళ్లను తీసుకుపోయాడు. మధ్యాహ్నం పద్మజ ఫోను మోగింది.

"పద్మా, ఎడమ దిక్కు ఎనుక చక్రం పోయింది."

వస్తుంది కదా, నువ్వు కడుపునిండా తినిరా అంది పద్మజ.

"వస్తలేదే. నేనే పోతున్న." అతని గొంతు నడక ఊపుకు కదులుతోంది. "బగారన్నం ఒక్క బుక్క పెట్టుకున్న. కాళ్లు లేచినయ్. ప్లేటు చేతిలనే ఉన్నది. కారు కాడ సుత ఆగనిస్తలెవ్వు."

ఆ మాటకు పద్మజ చాట పక్కకు నెట్టి లేచింది. ఆగమని అరిచింది, ఏదైనా స్తంభం పట్టుకోమంది. పట్టుకున్నాడట. చేతులు చెక్కుకుపోయాయి గానీ కాళ్లు ఆగలేదు. సాయంత్రానికి మల్లాపూర్ దాటాడు. మర్నాడు జగిత్యాల. ఆ చక్రాన్ని ఎవరో ఏదో బండికి తొడిగారు, బండి తిరిగినచోటికల్లా అతను తిరుగుతున్నాడు. రోడ్డు పక్క హోటళ్లవాళ్లు అతని వెంట నడుస్తూనే చేతిలో టీ పెట్టారు. ఒకామె జొన్న గటక ముద్ద చేసి ఆకులో ఇచ్చింది. మొలతాడుకు కట్టించుకున్నాడని ఒకరికొకరు చెప్పుకుని దారి ఇచ్చారు. కళ్లు మూసుకుని నిద్రలోనే నడిచాడని తర్వాత తెలిసింది. రెండో రోజు ఫోను ఆగిపోయింది.

రాజలింగం వెళ్లి కారును స్టెప్నీ మీద ఇంటికి తెచ్చాడు. దాన్ని చూస్తుంటే పద్మజకు ఏడుపొచ్చింది. అత్త ఎన్నోసార్లు చెప్పిన సంగతి గుర్తొచ్చింది. దివాకర్ తండ్రి కూడా పది రోజుల్లో వస్తానని, మగ్గాల పనికి బీవండి బస్సెక్కి తిరిగిరాని మనిషే. అక్షిత బడికి పోనని గుమ్మంలోనే నిలబడి రోడ్డు వైపు చూస్తోంది.

పద్మజ పెద్దమ్మ దగ్గరికి పరుగెత్తింది. పెద్దమ్మ అతుకుతున్న పోగు వదిలి తల ఎత్తింది.

"తప్పు నాది సుత ఉన్నది బిడ్డా. పొద్దుమాపు తిరిగేటోన్ని పట్టుకొని నిలబడే కొస అనుకున్న. కదిలేది కదిలేదాన్ని కడితే, ఏది జోరుగ ఉరికితే అదే గుంజుకపోతది."

అంటూనే ఆమె పద్మజ వేలి వైపు చూసింది. వేలికి చుట్టిన బీడీ దారం అట్లాగే ఉంది. తీసేయడం పద్మజ మరిచిపోయింది. ఇద్దరూ ఆ వేలినే చూశారు.

మూడో రోజు పొద్దున బీర్‌పూర్ తొవ్వలో అతను నడుస్తున్నాడని కబురొచ్చింది. పద్మజ, పెద్దమ్మ జగిత్యాల దాకా బస్సులో వెళ్లి అక్కణ్నుంచి ఆటో మాట్లాడుకున్నారు. పొలాల మధ్య నల్లటి రోడ్డు మీద దివాకర్ ఒక్కడే పోతున్నాడు. చెప్పులు అరిగి పట్టీలు మాత్రమే మిగిలాయి. ముఖం నిద్రపోయినవాడిది, కాళ్లు మాత్రం కుర్రవాడివి. పద్మజ దిగి పక్కన నడిచింది, పేరు పెట్టి పిలిచింది. మొగుణ్ని పేరు పెట్టి పిలవడం ఆమెకు అదే మొదలు. అతను కళ్లు తెరిచి ఆమెను చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కాళ్లు మాత్రం ఆగలేదు.

ఆటోవాడు అతని నడకకు సమంగా నెమ్మదిగా తోలాడు. పెద్దమ్మ బయటికి వంగి అతని మొలతాడు అందుకుంది. నడిచే సాంచను ఆపకుండానే తెగిన పోగు అతికిన చేతులు అవి. పదడుగుల్లో నాలుగు కొసలూ విప్పింది. దివాకర్ ఉన్నచోటనే రోడ్డు పక్క మట్టిలో కూలబడ్డాడు. ఆటోవాడు నీళ్ల సీసా పట్టుకుని అతని దగ్గరికి పరుగెత్తాడు.

విప్పిన కొసలున్న పెద్దమ్మ పిడికిలి మాత్రం బీర్‌పూర్ వైపు లాగుతోంది. రెండో చేత్తో ఆమె ఆటో కడ్డీ పట్టుకుంది.

"ఇడిస్తే మల్ల గీ మనిషినే పట్టుకుంటది. జెప్పున ఎవలికన్న ఇయ్యాలె."

పద్మజ చూపుడు వేలు చాచింది.

"సాంచ కాలు లేవది బిడ్డా. ఎరికేనా? ఇల్లు చేరినంక ఇగ గడప దాటవు. కూసోగలవా?"

"ఇరవై ఏండ్ల సంది కూసునే ఉన్న, పెద్దమ్మా."

పెద్దమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. వేళ్లు మాత్రం తమ పని తాము చేసుకుపోయాయి. దివాకర్ నీళ్లు తాగి తల ఎత్తేసరికి దారం కొరికేయడం కూడా అయిపోయింది. ఏం చేశావని అతను అడగలేదు. అన్నం ఉందా అని అడిగాడు. పద్మజ టిఫిను విప్పి ముద్దలు కలిపి పెట్టింది.

తిరుగు ప్రయాణంలో ఆమె కిటికీ పక్కన కూర్చుని రోడ్డు చూస్తూనే ఉంది. వేములవాడలో బస్సు ఆగితే మొక్కులవాళ్లను, బొమ్మల దుకాణాలను, బెల్లం బుట్టలను, అన్నిటినీ చూసింది. వరండా గడప లోపల పాదం పెట్టగానే ఆమె ఒంట్లో ఏదో బరువుగా దిగి సర్దుకుంది.

మర్నాడు మధ్యాహ్నం చక్రం వచ్చింది. గేటు తోసుకుని లోపలికి దొర్లి కారు పక్కన ఆగింది. వెనక నడిచి వచ్చిన మనిషికి నలభై ఏళ్లుంటాయి. వేళ్లు రిమ్ముకు అంటుకుని ఉన్నాయి. చక్రం బిగించాక చేతులు దులుపుకుని, తనను ఇంత దూరం లాక్కొచ్చిన సాంచ ఎక్కడుందా అని ఇల్లంతా కలయజూశాడు. సాంచ లేదు. గోడకు ఆనుకుని బీడీలు చుడుతున్న ఆడమనిషి ఉంది. అతను ఆమెను చూశాడు, వేలిని చూశాడు. పానా కింద పెట్టి, రెండు చేతులూ జోడించి, వెనక్కి వెనక్కి నడుస్తూ గేటు దాటాడు. దివాకర్ ఆ వేళ స్నానం చేస్తున్నాడు.

ఆ తర్వాత అన్నీ ఎప్పటిలాగే సాగాయి. కారు ఎక్కడ ఆపినా చక్రాల బెంగ లేదు. దివాకర్ కాళ్ల పుండ్లు మానాయి. పద్మజ వండుతోంది, చుడుతోంది, గడప లోపల తిరుగుతోంది. వారానికోసారి బీడీల గంపను కార్ఖానాకు పక్కింటామెతో పంపుతోంది. ఒంట్లో బాగాలేదని చెబితే ఎవరూ మళ్లీ అడగలేదు.

నెల దాటాక మల్లాపూర్‌లో ఉండే పద్మజ చెల్లెలు కల్పన కొత్త ఇంట్లోకి దిగుతూ అందరినీ రమ్మంది. దివాకర్ ఆ రోజు గిరాకీ వదులుకున్నాడు. అక్షితను వెనక సీట్లో కూర్చోబెట్టి, ముందు సీటు తుడిచి, తలుపు తానే తెరిచిపట్టుకున్నాడు. ఇరవై ఏళ్లలో ఆ పని చేయడం అదే మొదలు. పద్మజ పట్టుచీర కట్టింది, తలలో పూలు పెట్టుకుంది. తెలిసి కూడా ఎందుకు కట్టుకుందంటే, ఏమో, ఆశ ఉండదా? గడప దాకా వచ్చింది. కుడి పాదం ఎత్తబోయింది.

దివాకర్ ఆలస్యమవుతోందని హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. తర్వాత వచ్చి చెయ్యి పట్టి లాగాడు. మనిషి కదల్లేదు, చీర అంచు కూడా కదల్లేదు. అప్పుడు చూశాడు ఆమె వేలిని. బీర్‌పూర్ తొవ్వలో తనకు నీళ్లు తాగిస్తున్నప్పుడు ఏం జరిగిందో అతనికి తెలిసొచ్చింది.

"ఎప్పటి సంది?" అన్నాడు.

"బీర్‌పూర్ నుంచి అచ్చిన కాడి నుంచి."

"నెల దాటింది గదనే. నాకు చెప్పద్దా?"

"ఎటన్న రమ్మన్నవా, చెప్పెటందుకు?"

ఆమె గొంతులో కోపం లేదు. అది ఉన్నా కొంత నయంగా ఉండేదేమో. దివాకర్ గడప మీదనే కూర్చుండిపోయాడు. అక్షిత కారు దిగి వచ్చి, తండ్రిని దాటి లోపలికి పోయి తల్లిని పట్టుకుంది. పద్మజ బిడ్డ తల నిమిరి, కుచ్చిళ్లు నలగకుండా ఎత్తిపట్టుకుని వెనక్కి తిరిగింది. కల్పన ఎదురుచూస్తుంటుంది, ఫోను చేసి ఏదో ఒకటి నువ్వే చెప్పు అని మొగుడితో అంది.