ఆఖరి షాట్‌లో రెండు కొమ్మలు

ఆ ఆఖరి షాట్ తను రాసింది కాదు.

తుయిరె రాసిన ముగింపులో తల్లి ఆవిరిస్నానాల గదికి లోపలి నుంచి గడియ పెట్టుకుంటుంది. చచ్చిపోయిన పిల్లాడు తడి అడుగులు వేసుకుంటూ సరస్సులోకి తిరిగి వెళ్లిపోతాడు. అంతటితో సరి. తెర మీద మాత్రం తల్లి గడియ పెట్టలేదు. వట్టి కాళ్లతో గడ్డకట్టిన సరస్సు మీదికి నడిచింది. మంచుపొగలో మనిషెత్తు దేవదారు మొక్కలు రెండు, అయిదారు అడుగుల ఎడంగా, మంచులో పాతి ఉన్నాయి. వాటి మధ్య పిల్లాడు. మోకాళ్లు వంచి, చేతులు రెండు పక్కలకీ చాచి, రెప్ప వేయకుండా చూస్తున్నాడు. తల్లి పరుగెత్తింది. ఆమె అడుగుల చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. తెర నల్లబడింది.

కుయిక్కసల్మి ఊరికంతకీ ఉన్న ఒక్క సినిమా హాలూ క్షణం పాటు బిగుసుకుపోయి, తర్వాత చప్పట్లతో దద్దరిల్లింది.

'తడి అడుగులు' మొదటి భాగం నాలుగేళ్ల కిందట ఫిన్లండ్ అంతటా ఆడింది. రెండో భాగం తొలి ఆట సొంత ఊళ్లోనే వేయాలని దర్శకుడు యార్కో పట్టుబట్టాడు. అతనూ తుయిరె ఈ ఊరి పిల్లలే. ఒకే బడి, ఒకే బెంచీ. ఆమె రాస్తుంది, అతను తీస్తాడు. పదేళ్లుగా అదే లెక్క. ముగింపు మార్చానని మాటమాత్రంగానైనా అతను చెప్పలేదు.

వెనక వరసలో అప్పుడే వాదన మొదలైంది.

"తల్లి మంచులో గుంటలో పడిందే. అందుకేగా అడుగుల చప్పుడు ఆగింది."

"పడలేదులే, బిడ్డ దగ్గరికి చేరింది. చేతులు చాచి పిలుస్తున్నాడు, చూడలేదూ?"

"ఆ రెండు చెట్లూ పైలోకం గుమ్మమర్రా. అది దాటితే ఇక తిరిగి రావడం ఉండదు."

తుయిరె ఆ మాటలేవీ పట్టించుకోలేదు. ఆమె కళ్ల ముందు ఇంకా ఆ పిల్లాడి భంగిమే ఉంది. వంగిన మోకాళ్లు, చాచిన చేతులు. ఆ నిలబడే తీరు ఆమెకి తెలుసు. అది తల్లిని పిలిచే బిడ్డ కాదు. హాకీ ఆటలో గోలు కాసే పిల్లాడు.

ఆమె తమ్ముడు సాంపో ఎప్పుడూ గోలే కాసేవాడు. జట్టులో అందరికన్నా చిన్నవాణ్ణి ఇంకెక్కడ నిలబెడతారు?

పక్క సీట్లో తండ్రి తైస్తో కదలకుండా కూర్చున్నాడు. డెబ్భై తొమ్మిదేళ్ల మనిషి, టోపీ మోకాళ్ల మీద పెట్టుకుని, దాని అంచు పట్టుకున్నాడు. ఊరి జనం చేరే చోటికి ఆయన వచ్చి ఏళ్లయింది. ఈ రోజు కూతురు బతిమాలితే వచ్చాడు.

రాకపోవడానికి కారణం ఊళ్లో చంటిపిల్లలకీ తెలుసు. చలికాలం సరస్సు గడ్డకట్టాక అవతలి ఒడ్డుకి మంచు మీదే దారి తెరుస్తారు. ఆ దారికి రెండు వైపులా దేవదారు మొక్కలు, ఊరివాళ్ల మాటలో కొమ్మలు, నరికి తెచ్చి పాతి గుర్తు పెట్టడం ఇరవై ఏళ్లు తైస్తో ఉద్యోగం. పొగలో, మంచువానలో ఆ మొక్కలు చూసుకునే జనం ఇళ్లు చేరేవారు. ఆవిరిస్నానం తర్వాత మునగడానికి మంచులో గుంట కోసినా అదే పద్ధతి. చుట్టూ, కొసకి ఎర్ర గుడ్డ కట్టిన నాలుగు మొక్కలు పాతనిదే ఇంట్లోకి రాకూడదు. పైన పొర కట్టి మంచు కప్పేస్తే గుంట కనబడదు మరి.

ముప్పై రెండేళ్ల కిందట, ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, తైస్తో పొద్దున కోసిన గుంటలో ఆయన కొడుకే పడి చచ్చిపోయాడు. తొమ్మిదేళ్లు వాడికి. పోలీసులు వచ్చి చూస్తే గుంట చుట్టూ ఒక్క మొక్కా లేదు. "నాలుగు పాతాను" అన్నాడు తైస్తో. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. ఉద్యోగం పోయింది. పరువు అంతకన్నా ముందే పోయింది. ఊళ్లో ఒక సామెత మిగిలింది. పులుసులో ఉప్పు మరిచిపోయినా, పిల్లలు ఇంటి లెక్కలు చేయకుండా చేశామన్నా, "తైస్తో కొమ్మలు పాతినట్టే" అంటారు.

తుయిరె అప్పటికి పద్నాలుగేళ్లది. తల్లి పోయి ఏడాదైంది. సాంపో అంత్యక్రియల రోజు ఆమె చెయ్యి వదలకుండా పట్టుకున్నవాడు యార్కో. పెద్దయ్యాక "రాసెయ్ తుయిరె, లోపల పెట్టుకోకు" అని వెంటపడి మొదటి భాగం రాయించినవాడూ అతనే. ఆమె అన్నీ చెప్పింది. సాంపో చేతితొడుగులు, వాడి గురక, వాడు సొంతంగా కట్టిన పాటలు. రాత్రుళ్లు తడి అడుగులు వినబడేవన్న సంగతి కూడా.

కానీ ఆ రోజు వాడు ఎవరితోనైనా ఆడాడన్న సంగతి ఆమెకే తెలియదు. ఒంటరిగా తిరుగుతూ పడ్డాడనే అందరూ అనుకున్నారు. యార్కో ఆ రోజంతా జ్వరంతో మంచం మీదున్నానని పోలీసులకి చెప్పాడు.

ఆమె కళ్లు మూసుకుని షాట్‌ని మళ్లీ తలుచుకుంది. రెండు మొక్కలు. ఒక్కోదాని కొసకి పసుపు గుడ్డ ముక్క కట్టి ఉంది, తెల్లటి చుక్కలతో.

లేచి, మనుషుల మోకాళ్లు తోసుకుంటూ, తెర వెనకున్న సామాన్ల గదికి పరుగులాంటి నడకతో వెళ్లింది.

యార్కో అక్కడ కాఫీ తాగుతున్నాడు. ఏలకుల బన్ను ముక్క నోట్లో ఉంది. ఆమెని చూసి చేతులు చాచాడు.

"వినబడిందా చప్పట్లు? కోపం వద్దు. నీకు చెప్తే ఒప్పుకోవని..."

"ఒరే యార్కో, ఆ పసుపు గుడ్డ ఎక్కడిది?"

అతని దవడ ఆగిపోయింది.

"కళా దర్శకుడు ఏదో కట్టాడు. ఎర్రది అందరూ కడతారు కదా, మార్పుగా ఉంటుందని..."

"తెల్ల చుక్కలున్న పసుపు గుడ్డ. మా అమ్మ వంటింటి పరదా."

"నువ్వే ఎప్పుడో చెప్పుంటావు."

"చెప్పలేదు." ఆమె గొంతు తగ్గింది. "అది ఒక్కటే నీకు చెప్పలేదు. ఆ రోజు పొద్దున ఎర్ర గుడ్డ దొరక్క, అమ్మ పాత పరదా చింపి కట్టానని నాన్న నాకొక్కదానికే చెప్పాడు. అబద్ధాన్ని నమ్మించడానికి పరదా కూడా కల్పించాడనుకున్నాను. సిగ్గేసి ఎవరితోనూ అనలేదు. నీతో కూడా. మరి నువ్వెక్కడ చూశావు?"

గది బయట జనం నవ్వులు వినబడుతున్నాయి. యార్కో కాఫీ కప్పు డబ్బా మీద పెట్టాడు. అది ఒరిగి కింద పడింది. ఇద్దరూ దాన్ని చూడలేదు.

"గోలు స్తంభాలకి ఏమీ దొరకలేదు" అన్నాడు చివరికి. "ఆట అయ్యాక మళ్లీ పాతేద్దామనుకున్నా. నిజంగా అనుకున్నా తుయిరె. చీకటి పడింది, అమ్మ కేకేసింది. సాంపో అటు, నేను ఇటు. పొద్దున్నే తెలిసింది. భయమేసి, వెలుగు రాకముందే మొక్కలన్నీ పీకి తెచ్చి మా ఆవిరిగది పొయ్యిలో పెట్టేశాను."

"ముప్పై రెండేళ్లు."

"చెబుదామనే చూశా. ఇదిగో, ఇప్పుడు చెప్పాను కదా! ఈ షాట్ ఎందుకు పెట్టాననుకున్నావు? అది నా క్షమాపణ. వాడికి, నీకు."

"ఎవరికీ అర్థం కాని క్షమాపణ."

"అర్థమైతే నా బతుకేమవుతుంది?" అతను ఆమె భుజం పట్టుకున్నాడు. "మూడో భాగం సంతకాలైపోయాయి. నీదీ నాదీ. మీ నాన్న వయసెంత? ఇప్పుడు తవ్వితే ఎవరికి ఏమొస్తుంది? అర్థమయ్యేది నీకొక్కదానికే. అది మన మధ్యే ఉండనీ."

తలుపు తెరుచుకుంది. హాలు యజమానురాలు పిర్కో తల లోపలికి పెట్టింది. "ఏమర్రా, రావడం లేదా? జనం కొట్టుకునేలా ఉన్నారక్కడ. తల్లి చచ్చిందా బతికిందా తేల్చాకే ఇళ్లకి వెళ్తారట!"

వేదిక మీద రెండు కుర్చీలు, రెండు మైకులు. కింద మూడో వరసలో తైస్తో అలాగే ఉన్నాడు, టోపీ మోకాళ్ల మీద.

మొదటి ప్రశ్న బడిపంతులమ్మది. "ఆ రెండు చెట్లకీ అర్థమేమిటండీ? మా వరసలో నాలుగు రకాలుగా అనుకుంటున్నాం."

యార్కో హాయిగా నవ్వాడు. ఎన్ని ఊళ్లలో నవ్వాడో ఆ నవ్వు. "మీకు తోచిందే అర్థం. తీసేవరకే సినిమా నాది, ముగింపు చూసేవాళ్లది. గుమ్మం అనుకోండి, చావు అనుకోండి, క్షమ అనుకోండి."

"నేను చెప్తాను!" అని వెనక నుంచి ముసలి వెయిక్కో అరిచాడు. పడవల మరమ్మతులు చేస్తాడతను, నోరు ఊరుకోదు. "ఏముందీ, తైస్తో కొమ్మలు! ఇన్నాళ్లకి కనబడ్డాయి!"

హాలు గొల్లుమంది. కొందరికి నవ్వాక గానీ తైస్తో హాల్లోనే ఉన్నాడని గుర్తురాలేదు, వెంటనే నోళ్లు మూసుకున్నారు. ఆయన తల ఎత్తలేదు. టోపీ అంచు మీద వేళ్లు మాత్రం ఒక పక్క నుంచి ఇంకో పక్కకి జరిగాయి.

తుయిరె మైకు తీసుకుంది.

"అవును వెయిక్కో. అవే."

నవ్వు ఇంకా కొంచెం మిగిలి ఉంది. ఆమె ఆగలేదు.

"ఈ ముగింపుకి నాలుగు అర్థాలు లేవు, ఒక్కటే ఉంది. ఆ పిల్లాడు తల్లిని పిలవడం లేదు. గోలు కాస్తున్నాడు. అవి గోలు స్తంభాలు. మా నాన్న పాతిన మొక్కల్ని గుంట చుట్టూ నుంచి పీకి, స్తంభాలుగా నిలబెట్టి, ఆట అయ్యాక అక్కడే వదిలేశారు. ఆ కొసల మీదున్న పసుపు గుడ్డ మా అమ్మ పరదా. ఆ ఒక్క రోజే కట్టారు దాన్ని. ఆ రోజు ఆ మొక్కల్ని చూసినవాళ్లు ముగ్గురే. పాతినవాడు, చచ్చిపోయినవాడు..." ఆమె యార్కో వైపు తిరిగింది. "మూడోవాడు ఈ సినిమా తీశాడు."

హాల్లో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. యార్కో మైకు ఎత్తాడు.

"ఇది కథండీ. తుయిరె ఎందుకో కాస్త..."

మూడో వరసలో కుర్చీ కిర్రుమంది. తైస్తో లేచాడు. నిలబడడానికి ముందు వరస సీటు పట్టుకోవలసి వచ్చింది. యార్కోని చూశాడు. ఆ చూపులో కోపం లేదు. మంచు మందం కొలిచేవాడి చూపు.

"నేను నాలుగు పాతాను" అన్నాడు. "తెర మీద రెండే ఉన్నాయి. మిగతావి ఏవిరా?"

ముప్పై రెండేళ్లలో నాలుగు పాతానన్న ఆ మాట నమ్మి, మరి అవేమయ్యాయని అడిగినవాళ్లు లేరు. యార్కో నోరు తెరిచాడు. జనం, పిర్కో, పంతులమ్మ, వెయిక్కో, అందరూ అతని నోటి వంకే చూస్తున్నారు. అతని ముఖం పద్నాలుగేళ్ల పిల్లాడి ముఖంలా అయిపోయింది.

"అవతలి గోలు, తైస్తో బాబాయ్" అన్నాడు. మైకు నోటి దగ్గరే ఉండటంతో ఆ మాట హాలంతా వినబడింది.

తైస్తో తల ఊపాడు. లెక్క సరిపోయినట్టు. టోపీ పెట్టుకుని, కోటు బొత్తాలు ఒక్కొక్కటీ పెట్టుకుని, నడవాలోకి వచ్చాడు. జనం కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చారు. వెయిక్కో లేచి ఏదో అనబోయాడు. ఆయన ఆగలేదు.

తుయిరె మైకు కుర్చీలో పడేసి వెనకే పరుగెత్తింది. బయట మార్చి ఎండ మంచు మీద పడి కళ్లు చెదురుతున్నాయి. ఆయన అప్పటికే ఒడ్డు దిగుతున్నాడు.

"నాన్నా! ఆగు, కారు తెస్తాను."

ఆయన ఆగాడు. వెనక్కి తిరగలేదు.

"వాళ్లందరికీ తెలిసింది నాన్నా. ఇక ఒక్కడూ నోరెత్తడు. రేపు పేపర్లో కూడా వస్తుంది. నీ మాట నిజమని..."

"నీకు ఆ రాత్రే చెప్పాను" అన్నాడు తైస్తో. "నీకొక్కదానికే చెప్పాను, పరదా సంగతి."

"చెప్పావు."

"మిగతా గుడ్డ పెట్టెలోనే ఉంది. చూడు అన్నాను."

ఆ పెట్టె వంటింట్లో, పొయ్యి పక్కనే ఉండేది. రోజూ దాటేది ఆమె. ఒక్కసారి మూత తెరిస్తే చిరిగిన పరదా కనబడేది. ఆమె తెరవలేదు. ఆయన అబద్ధం బయటపడుతుందని భయమేసింది. మరుసటి వేసవిలో పెట్టె అలాగే చర్చి వాళ్లకి ఇచ్చేసింది.

"యార్కో చిన్నపిల్లాడు. భయపడి దాచాడు" అన్నాడు ఆయన. "నువ్వెందుకు చూడలేదే?"

ఆయన మంచు మీదికి దిగి, అవతలి ఒడ్డు దారి పట్టాడు. ఇప్పుడు ఆ దారికి వేరే ఎవరో మొక్కలు పాతుతున్నారు. ఎండకి మంచు మెత్తబడి కొన్ని ఒరిగిపోయాయి.

తుయిరె పది అడుగులు వెనక నడిచింది. రమ్మనలేదు, పొమ్మనలేదు ఆయన. సగం దారిలో ఒకచోట ఆగి, ఒరిగిన మొక్కని నిలబెట్టి, మొదట్లో మంచు మడమతో తొక్కి గట్టిచేశాడు.

దాని కోసమే ఆగాడు. ఆమె దగ్గరికి వచ్చేలోపు మళ్లీ నడక మొదలుపెట్టాడు.