చప్పుడు ఎటు పోతే అటు

ఉలి జారి కుడిచేతి బొటనవేలి మొదట్లో దిగబడేనాటికి ఆ వడ్రంగి పద్దెనిమిదేళ్లుగా ఆ చేతి మీదే బతుకుతున్నాడు. తెగిన నరాన్ని డాక్టరు కుట్టి, మోచేతి దాకా కట్టు కట్టి, రెండు నెలలపాటు ఆ చేత్తో చెంచా కూడా ఎత్తకూడదన్నాడు.

అతని భార్య నర్సు. పెద్దపిల్ల పుట్టినప్పుడు ఉద్యోగం మానేసింది. ఇప్పుడు వెళ్లి అడిగితే ఆసుపత్రివాళ్లు వెంటనే పగటి డ్యూటీ ఇచ్చారు. ఇక ఇంట్లో ఉండేది అతనూ, మూడున్నరేళ్ల కూతురూ, తొమ్మిది నెలల కొడుకూ. కూతురికి పెట్టిన పేరు ఎవరి నోటా రాదు. అందరూ ‘పిడుగు’ అనే అంటారు. కొడుకు ఇంకా ‘చంటాడే’.

“ఇద్దరు పిల్లలు, రెండు గదులు. ఆమాత్రం నేను చూసుకోలేనా? నువ్వు నిశ్చింతగా వెళ్లు” అన్నాడు భార్యతో. ఆవిడ ఏదో అనబోయి, నవ్వి ఊరుకుంది.

మొదటిరోజు పదింటికల్లా అతనికి పట్టపగలే చుక్కలు కనిపించాయి. ఒంటిచేత్తో చంటాడి గుడ్డ మార్చబోతే వాడు చేపలా జారిపోయాడు. పట్టుకుని మళ్లీ పడుకోబెడితే ఈసారి బోర్లా తిరిగి పాకుతూ పోయాడు. వాడి వెనకాల అతనూ మోకాళ్ల మీద పోయాడు. ఈ సందట్లో పిడుగు తండ్రి బూట్ల నిండా నీళ్లు పోసింది. ఎందుకు పోశావే అంటే, “వాటికి దాహం వేసింది” అంది. చంటాడు నిద్రపోయాడని నడుం వాల్చబోతే, సోఫా ఎక్కి “నాన్నా, చూడు!” అంటూ నేల మీదికి దూకింది. ధబ్బున చప్పుడైంది. చంటాడు లేచి ఏడుపందుకున్నాడు. మరుక్షణం కిందింటి నుంచి ‘టక్, టక్, టక్’ అని కర్రతో పైకప్పు కొడుతున్న శబ్దం.

కిందింట్లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటుంది. వచ్చి నాలుగు నెలలు. ఒకసారి మెట్ల మీద ఎదురుపడి, “మీ ఇంట్లో పిల్లలున్నారా, గుర్రాలున్నాయా?” అని అడిగింది. అప్పటినుంచి ఆవిడ తలుపు చప్పుడైతే చాలు, అతను మెట్ల మీదే ఆగిపోయి, ఆవిడ వెళ్లాక దిగేవాడు. ఆరడుగుల మనిషి, అంత చిన్న ముసలావిడకి భయపడుతున్నాడని తెలిస్తే తోటి పనివాళ్లు ఎన్నాళ్లు నవ్వుతారో అనుకునేవాడు.

“గెంతకమ్మా, నా తల్లివి కదూ! కింద మామ్మగారికి కోపం వస్తుంది” అని బతిమాలేవాడు కూతుర్ని.

“కోపం కాదు నాన్నా. టకటక మామ్మ ఆడుకుంటోంది” అనేది పిడుగు. దాని మాటలకేం అని వదిలేశాడు. చప్పుడు తగ్గుతుందని పిల్ల కాళ్లకి రెండేసి జతల మేజోళ్లు తొడిగాడు.

మూడోవారం గడిచేసరికి గంజి కలపడం, ఒంటిచేత్తో గుండీలు పెట్టడం, చంటాణ్ణి కాళ్ల దగ్గర కూర్చోబెట్టుకుని గిన్నెలు కడగడం అలవాటయ్యాయి. కాస్త ధీమా కూడా వచ్చింది.

ఆ బుధవారం పదకొండున్నరకి చంటాడి పాలు పొయ్యి మీద పెట్టి, మంట బాగా తగ్గించి, చెత్తబుట్ట పట్టుకుని బయటికి వచ్చాడు. చెత్తడబ్బా మెట్ల మలుపులోనే ఉంటుంది. గట్టిగా పది మెట్లు లేవు. అయితే చంటాడు పాకడం నేర్చిన దగ్గర్నుంచి గుమ్మం కనబడితే ఆగడం లేదు. అందుకని, “తలుపు వెయ్యమ్మా, తమ్ముడు బయటికొచ్చేస్తాడు” అని కూతురికి చెప్పి దిగాడు.

పిడుగు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చెప్పిన మాట విన్నది. తలుపు వేసింది. వేసి, గడియ కూడా పెట్టింది.

ఆ గడియ అతను బిగించిందే. గడప అరిగి కింద సందులోంచి గాలి కొడుతోందని, తలుపు బిగుసుకునేలా మోకాలి ఎత్తులో అదనంగా ఒక ఇనుప గడియ పెట్టాడు. తోస్తే దానంతటదే పడిపోతుంది. తియ్యాలంటే మాత్రం దాని తోక పైకెత్తి పక్కకి లాగాలి. తోయడం పిడుగుకి తెలుసు. తీయడం తెలియదు.

తిరిగొచ్చి తలుపు నెట్టాడు. కదల్లేదు. మళ్లీ నెట్టాడు. ఫోను లోపల బల్ల మీద ఉంది. పనిముట్ల పెట్టె మంచం కింద ఉంది. పాలు పొయ్యి మీద ఉన్నాయి.

“అమ్మా, గడియ తియ్యి!”

“రావట్లేదు నాన్నా.”

“తోక పైకెత్తి ఎడమవైపుకి లాగు!”

“ఎడమంటే ఏది?”

“నేను గడియారం పెట్టుకునే చెయ్యి!”

“నాకు గడియారం లేదుగా!”

భుజంతో గుద్దాడు. తలుపు ఇసుమంత కూడా చలించలేదు. ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో పాత తలుపు పీకేసి, ఏరి తెచ్చిన చెక్కతో తను చేసిన తలుపు అది. చూసినవాళ్లంతా మెచ్చుకుంటే పొంగిపోయాడు. ఇప్పుడు తన పనితనాన్ని తనే తిట్టుకుంటూ మళ్లీ గుద్దాడు. కట్టులోపల చెయ్యి భగ్గుమంది.

“లాగమంటుంటే! గట్టిగా లాగు!” అని అరిచాడు. ఆ అరుపుకి లోపల పిల్ల బావురుమంది. దాన్ని చూసి చంటాడూ మొదలుపెట్టాడు. తలుపు కింది సందులోంచి పాలు మాడుతున్న వాసన సన్నగా బయటికొచ్చింది.

“నాన్నా, పాలు పొంగిపోయాయి. నేను దింపనా?” అంది పిడుగు వెక్కుతూ.

అతని పై ప్రాణాలు పైనే పోయాయి. “వద్దు! అటు పోవద్దు! పోయావంటే ఊరుకోను!” అని ఇంకా పెద్దగా అరిచాడు. పిల్ల ఏడుపు తలుపుకి దూరంగా, ఎటో జరిగిపోయింది.

అప్పుడే మెట్ల మీద కర్ర చప్పుడైంది. కింద పెద్దావిడ ఆయాసపడుతూ ఎక్కి వస్తోంది. ఈవిడ ఇప్పుడే గొడవకి రావాలా అనుకున్నాడు. ఆవిడ ఒక్క చూపులో అంతా గ్రహించింది.

“ఎందరున్నారు లోపల?”

“ఇద్దరూ ఉన్నారమ్మా. పాలు పొయ్యి మీదున్నాయి. గడియ పెట్టేసింది. నా వల్ల కావడం లేదు.”

“ముందు నువ్వు అరవడం ఆపు నాయనా. నీ అరుపుకి నాకే భయమేస్తోంది, ఇక ఆ పసిదెంత? గడియ ఎక్కడుందో, ఎటు లాగాలో వేలు పెట్టి చూపించి పక్కకి జరుగు.”

అతను చూపించాడు. ఆవిడ మెల్లగా మెట్టు మీద కూర్చుని, కర్రతో తలుపు మీద తాపీగా ‘టక్ టక్’ అని రెండుసార్లు కొట్టింది.

లోపల పిల్ల ఏడుపు ఆగింది. ఆవిడ మళ్లీ రెండు కొట్టింది. చిన్న అడుగులు పరుగెత్తుకొచ్చాయి. లోపలినుంచి చిట్టి గుప్పిటతో ‘ధబ్ ధబ్’ అని రెండు దెబ్బలు.

“టకటక మామ్మా!”

“ఆ, నేనే తల్లీ. పైకి వచ్చాను. ఇవాళ తలుపాట ఆడదాం. నా కర్ర ఎక్కడ చప్పుడు చేస్తే నీ చెయ్యి అక్కడ పెట్టాలి. సరేనా?”

ఆవిడ గొంతులో తొందర అన్నదే లేదు. మధ్యాహ్నమంతా తీరుబడిగా ఉన్న మనిషిలా మాట్లాడింది. తలుపు మధ్యలో కొట్టింది. కొంచెం కిందికి, ఇంకా కిందికి జరిపింది. చిన్న చెయ్యి వెంట వెంట వచ్చింది.

“ఇప్పుడు నీ చేతికి ఏం తగిలింది?”

“గడియ.”

“దానికి తోకుందా?”

“ఉంది. నల్లది.”

“దాన్ని పడుకోబెట్టావుగా, ఇప్పుడు నిద్ర లేపు. పైకెత్తు. లేచిందా?”

“లేచింది!”

“శభాష్. ఇప్పుడు చప్పుడు ఎటు పోతే నువ్వు దాన్ని అటు లాగాలి. విను.” కర్ర టక్... టక్... టక్ అంటూ పక్కకి జరిగింది. లోపల ఇనుము కీచుమని ఆగిపోయింది.

“రావట్లేదు మామ్మా.”

అతను నోరు తెరవబోయాడు. ఆవిడ చెయ్యెత్తి వారించింది. “అది మొండిది. రెండు చేతులతో పట్టుకుని, గట్టిగా ఊపిరి పీల్చి లాగు. తొందరేం లేదు.”

ఒక్క క్షణం ఏమీ వినపడలేదు. చంటాడి ఏడుపు కూడా ఆగిపోయిందని అతనికి అప్పుడు తెలిసింది. అంతసేపటి ఏడుపు కన్నా ఆ నిశ్శబ్దమే అతన్ని వణికించింది. తర్వాత ఠక్కున గడియ జారింది.

తలుపు తోసుకుని ఒక్క అంగలో వంటింట్లోకి పోయి పొయ్యి కట్టేశాడు. గిన్నె అడుగంటి నల్లగా అయిపోయింది. వెనక్కి తిరిగితే, బల్ల కింద చంటాడు పిండిడబ్బా బోర్లించుకుని మధ్యలో కూర్చున్నాడు. కనురెప్పల దాకా తెల్లగా ఉన్నాడు. తండ్రిని చూసి చప్పట్లు కొడితే పిండి పొగలా లేచింది.

అతను నేల మీద కూలబడి ఇద్దర్నీ ఒక చేత్తో దగ్గరికి లాక్కున్నాడు. “నేనే తీశాను నాన్నా!” అంటోంది పిడుగు.

ఆ పెద్దావిడే కిటికీలు తెరిచింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. అతను లేచి, మంచినీళ్లిచ్చి, తడబడుతూ అన్నాడు: “ఈ రుణం ఎలా తీర్చుకోవాలో తెలీదమ్మా. ఇన్నాళ్లూ చప్పుడుతో మిమ్మల్ని బాధపెట్టాం. దీనికి ఎంత చెప్పినా...”

“బాధా? మొదటి వారం కోపంతోనే కొట్టాను. కాదనను. తర్వాత ఓరోజు రెండుసార్లు కొడితే, పైన రెండుసార్లు గెంతింది. మూడు కొడితే మూడు. సరే చూద్దామని నాలుగు కొట్టాను. నాలుగు గెంతింది. ఆ ఇంట్లోకి వచ్చాక నేను గట్టిగా నవ్వింది ఆ రోజే బాబూ.”

“నాతో ఒక్క మాట అనొచ్చు కదమ్మా! మూడువారాలుగా దాని కాళ్లకి రెండేసి జతల మేజోళ్లు తొడుగుతున్నాను.”

“అందుకా ఈమధ్య సరిగ్గా వినపడటం లేదు! నా చెవులు పోయాయనుకుని డాక్టరు దగ్గరికి కూడా వెళ్లొచ్చాను.”

ఇద్దరూ నవ్వారు. నవ్వుతుంటే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత కంగారులో అంత నెమ్మదిగా ఎలా మాట్లాడగలిగారని అడిగాడు. టెలిఫోను ఎక్స్ఛేంజిలో ముప్పైయేళ్లు పనిచేశానని చెప్పిందావిడ. “అవతలి మనిషి మనకి కనపడరు. ఇల్లు కాలుతోందనీ, మనిషి పడిపోయాడనీ ఏడుస్తూ చేసేవాళ్లు. వాళ్లు ఎంత కంగారుపడితే మనం అంత నిదానించాలి. మనం ఇవ్వగలిగింది గొంతొక్కటే కదా!”

నాలుగింటికి భార్య వచ్చింది. దాచకుండా అంతా చెప్పి, తిట్లకి సిద్ధపడి తల దించుకున్నాడు. ఆవిడ పిల్లలిద్దరి చేతులూ కాళ్లూ తడిమి చూసుకుంది. తర్వాత వచ్చి అతని పక్కన కూర్చుంది.

“దీనికి రెండేళ్లప్పుడు గుండీ గొంతులో ఇరుక్కుంది. తెలుసా మీకు?”

“ఎప్పుడు? నాకెందుకు చెప్పలేదు?”

“తలకిందులు చేసి వీపు మీద చరిస్తే బయటపడింది. నర్సుని కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత గంటసేపు దాన్ని ఒళ్లోంచి దించలేదు. మీరు సాయంత్రం అలిసిపోయి వచ్చి, ‘ఇవాళ ఏం చేశావ్’ అని అడిగారు. ‘ఏముంది, ఏమీ లేదు’ అన్నాను. ఆ ‘ఏమీ లేదు’లో ఇలాంటివి చాలానే ఉండేవి.”

అతను భార్య చేతి వంక చూశాడు. ఈ మూడున్నరేళ్లలో తను ఇంటికొచ్చేసరికి పిల్లలు కడిగిన ముఖాలతో, నిండిన కడుపులతో ఎదురొచ్చేవాళ్లు. అది దానంతటదే జరిగిపోయే పని అనుకున్నాడు.

“నువ్వు... చాలా చేశావు. నాకిన్నాళ్లూ తెలీలేదు. నీకెప్పుడూ చెప్పలేదు కూడా” అన్నాడు.

“ఇప్పుడు చెప్పారుగా. ఆ మాట కట్టు విప్పాక కూడా గుర్తుంచుకుంటే చాలు” అందావిడ. కొంగుతో కళ్లు తుడుచుకుని, గిన్నె తోమడానికి లేచింది. అతను లేచి గిన్నె తీసుకున్నాడు. ఒంటిచేత్తో తోమితే మాడు సగమే వదిలింది. మిగతా సగం ఆవిడ తోమింది.

మర్నాడే ఎడమచేత్తో ఆ గడియ ఊడదీసి పిల్లకి అందనంత ఎత్తులో బిగించాడు. నాలుగు మరలకి గంటన్నర పట్టింది. పెద్దావిడ రోజూ పదకొండింటికి పైకి రావడం మొదలుపెట్టింది. పిల్లలతో కూర్చునేది, కబుర్లు చెప్పేది. ఆ గంటలో అతను స్నానం చేసేవాడు, వేడివేడిగా టీ తాగేవాడు. వేడిగా ఉన్న టీ ఇంత బాగుంటుందని అంతకుముందు ఎప్పుడూ అనుకోలేదు.

రెండు నెలలకి కట్టు విప్పారు. బొటనవేలు పూర్తిగా వంగలేదు కానీ ఉలి పట్టుకోగలిగాడు. భార్య ఉద్యోగం మానలేదు. మానమని అతను అనలేదు. పొద్దున్న ఒకరు ఇంట్లో ఉండేలా, మధ్యాహ్నం కాసేపు పిల్లలు కిందింట్లో ఉండేలా ముగ్గురు పెద్దవాళ్లూ కూర్చుని అనుకున్నారు.

అతను పనిలోకి వెళ్లిన మూడోవారంలో ఒక సాయంత్రం, భార్యాభర్తలిద్దరూ పిల్లల్ని తీసుకురావడానికి కిందికి వెళ్లారు. పెద్దావిడ చంటాణ్ణి గోడకి ఆనించి నిలబెట్టి, “అక్కడే ఉండండి, చేతులు చాపండి” అంది. చంటాడు గోడ వదిలాడు. ఊగాడు. ఒక అడుగు, రెండు, మూడు వేసి తల్లి చేతుల్లో పడ్డాడు.

“నడిచాడు! మొదటిసారి నడిచాడు!” అని భార్య అరిచింది. వడ్రంగి ఆ చివరినుంచి ఈ చివరికి వాణ్ణి ఎత్తుకుని తిప్పాడు.

“మధ్యాహ్నం కూడా నడిచాడుగా! నిన్న కూడా!” అంది పిడుగు. “మీరిద్దరూ ఉన్నప్పుడు నడవాలని మామ్మ కూర్చోబెట్టేసింది. చెప్పొద్దంది.”

పెద్దావిడ కళ్లద్దాలు తీసి, శుభ్రంగా ఉన్నవాటినే చీర అంచుతో తుడవసాగింది. భార్య ఆవిడ పక్కన కూర్చుని ఆ చేతులు రెండూ పట్టుకుంది.

“రాత్రికి మా ఇంట్లోనే భోంచేయాలి మీరు” అంది.

“ఇవాళేనా?” అందావిడ.

“ఇవాళ్టినుంచి” అన్నాడు వడ్రంగి.