నూట పన్నెండో పేజీ

ఆదివారం బజ్జీల మూకుడు ఇంకా తోమనే లేదు, పవన్‌కుమార్ రెండొందల పేజీల కట్ట తెచ్చి వంటగట్టు మీద పడేశాడు.

"అశోక్ నగర్‌లో పేపర్లు దిద్దుతావుగా, ఇదీ ఓసారి చూడు. అచ్చుతప్పులు చాలు. మిగతాది నీకర్థం కాదులే."

సింధూర కోచింగ్ సెంటర్లో జవాబు పత్రాలు దిద్దుతుంది. ఈ కట్ట మాత్రం మొగుడి ఆటది. ఎనిమిదేళ్లుగా ప్రతి ఆదివారం ఆ చిక్కడపల్లి ఇంట్లో పవన్, అతని స్నేహితులు డైనింగ్ టేబుల్ చుట్టూ చేరి పాచికలు వేస్తారు. ఒకడు కథ చెబుతుంటే తక్కినవాళ్లు వీరులూ మాంత్రికులూ అయిపోతారు. ఆట జరిగే లోకాన్ని ఏదో విదేశీ కంపెనీ కల్పించింది. దాని మీద అభిమానంతో వీళ్లు ఇంకో దేశాన్ని చేర్చి, పటాలతో, రాజులతో, రాక్షసులతో పుస్తకం వేస్తున్నారు. అక్కడ వీళ్లు దేశాలేలుతుంటే ఇక్కడ ఆమె శనగపిండి కలిపేది.

ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుని ముందు పేజీలు తిరగేసింది. కత్తుల బరువు గ్రాములతో సహా ఉంది. గుర్రం రోజుకెన్ని ఉలవలు తింటుందో ఉంది. అంత పెద్ద దేశంలో అన్నం ఎవరు వండుతారో, అంట్లు ఎవరు తోముతారో ఒక్క ముక్క లేదు. మగవాళ్లకి బలం, తెలివి, ధైర్యం అని అంకెలు వేశారు. ఆడవాళ్లకి అవీ వేసి, నడుము కొలత కూడా వేశారు. పెళ్లిళ్లు కావలసిన ఆడపిల్లలున్న మగాళ్లు రాసిన రాత ఇది! రాక్షసుల జాబితాలో 'సణుగుడు మంత్రగత్తె' అని ఒకతె. వీరులు కూర్చున్న చోటికల్లా చీపురుతో వచ్చి "కాళ్లు తీయండి, ఊడ్చుకోవాలి" అంటుందట. విన్నవాడి బలం సగం పోతుందట. చీర పెడితే మాయమైపోతుందట. ప్రతి ఆదివారం ఆమె అనే మాటే అది, అక్షరం పొల్లుపోకుండా.

నూట పదో పేజీలో రేవుపట్నం వచ్చింది. రెండేళ్ల కిందట పవన్ జ్వరంతో పడుకుంటే, వచ్చే వారం కథ ఆగిపోతుందని, కుక్కర్ కూతకీ కూతకీ మధ్య ఆమె ఫోన్లో టైపు చేసి అతనికి పంపిన ఊరు. అక్కడ పడవలన్నీ ఆడవాళ్లే నడుపుతారు. పైన 'రచన: పవన్‌కుమార్' అనుంది. పడవ నడిపే ఆడవాళ్లని సత్రంలో నాట్యగత్తెల్ని చేశారు. మిగతాదంతా ఆమె రాసినదే. ఎంతగా ఆమెదంటే, పట్నం చట్టాల మధ్యలో ఇదీ ఉంది: "రేవు దాటించినవారిని పేరు అడగరాదు. అత్తయ్యకి బీపీ మాత్రలు తేవాలి, ఆరింటికి మోటారు వేయాలి. తుఫానులో పడవ కట్టరాదు." మర్చిపోతానని ఆ వేళ అందులోనే రాసుకుంది. ఆ నాట్యగత్తెల మార్పు తప్ప తక్కినది చదవకుండానే ఎత్తి పెట్టేశారన్నమాట.

"నా పేరేదండీ?" అంది.

"కృతజ్ఞతల్లో వేశాంగా, 'బజ్జీలకు సింధూర గారికి' అని." నవ్వాడు. "ఏదో సరదాగా రాశావు. పుస్తకం చేసింది మేం కదా."

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్న స్నేహితుడు రాజశేఖర్ అందుకున్నాడు. "మనింట్ల మనుషులకు పేర్లెందుకు వదినా? జర జల్ది దిద్దియ్యుండ్రి, నారాయణగూడ ప్రెస్సోడు పరేషాన్ చేస్తున్నడు."

రోత పుట్టింది ఆమెకి. ఆ నవ్వులు, ఆ ఎంగిలి ప్లేట్లు, ఆ 'మనింట్ల' అనే మాట, అన్నీ కలిపి రోత.

రెండు రోజుల్లో మొత్తం దిద్దింది. దీర్ఘాలు, వత్తులు, చివరికి ఉలవల లెక్క కూడా సరిచేసింది. నూట పన్నెండో పేజీలో ఆ మాత్రల వాక్యం దగ్గర పెన్ను ఆగింది. చదివే ఓపిక ఉన్న ఎవరికైనా కనిపించే తప్పే. పేజీ తిప్పేసింది. పవన్ కట్ట విప్పకుండానే ప్రెస్సుకి ఇచ్చొచ్చాడు.

నెల తర్వాత హిమాయత్‌నగర్‌లో ఒక కాఫీ హోటలు మేడ మీద ఆవిష్కరణ. పవన్ మైకులో తన ఊహాశక్తి గురించి చెబుతున్నాడు. సింధూర వెనక బజ్జీల పళ్లెంతో నిలబడింది. అశోక్ నగర్ హాస్టల్లో ఉంటూ ఈ ఆట ఆడే శ్రీదివ్య అనే పిల్ల లేచింది.

"సార్, పుస్తకం మొత్తంల రేవుపట్నమే మస్తుగున్నది. గని నూట పన్నెండో పేజీల గీ అత్తయ్య ఎవరు సార్? బీపీ మాత్రలంటే ఏదన్న మంత్రమా?"

పవన్ గబగబా పేజీలు తిప్పాడు. చదివాడు. మొదటిసారి చదివాడు.

సింధూర పళ్లెం అతని ముందున్న పుస్తకాల మీద పెట్టి, చేయి తుడుచుకుని, మైకు తీసుకుంది.

"మంత్రం కాదమ్మా. ఆవిడ మా అత్తగారు. ఆ పట్నంలో పడవలు నిజంగా ఎవరు నడుపుతారో నన్నడుగు, చెబుతాను."