తెర వెలిగించను

మా ఐదో అంతస్తు జెల్మాది చక్రాల కుర్చీ. లిఫ్టు పాడైనప్పట్నుంచీ మా టొలీడో ఊళ్ళో వసంతం వచ్చి వెళ్ళిపోతున్నా తను కిందికి దిగింది లేదు. అందుకే అద్దెదారుల మీటింగు ఈసారి జెల్మా గుమ్మం ముందే పెట్టాలని నేను పట్టుబట్టాను. మేనేజరు లెస్టర్ ప్రూయిట్ కూడా మెట్లెక్కి రావాలి మరి!

మీటింగులో ఎవరేమన్నా రాసే పని నాది. చక్కెర జబ్బు నా కళ్ళు పట్టుకుపోయినా ఆ పని వదల్లేదు. ఇప్పటి కంప్యూటర్లకి పుట్టుకతోనే ఒక గొంతు ఉంటుంది. ఎవర్నీ అడగక్కర్లేదు, మీటలు నొక్కితే నిద్ర లేస్తుంది. నేను రాసిందంతా చెవిలో చెబుతుంది. తెర మాత్రం చీకటిగా పెట్టుకుంటాను. నాకెందుకా వెలుతురు? పక్కవాళ్ళు తొంగిచూడరు, బ్యాటరీ కూడా మిగులుతుంది.

లెస్టర్ రొప్పుతూ వచ్చాడు. "లిఫ్టు శుక్రవారానికి బాగైపోతుంది, నాది పూచీ," అన్నాడు. కాస్త ఊపిరి తిరిగాక, "అయినా ముసలాళ్ళకి మెట్లు మంచి వ్యాయామమే లెండి," అని నవ్వాడు.

చివర్లో జెల్మా అడిగింది. "అయితే శుక్రవారం నేను కిందికి వస్తున్నట్టేనా నాయనా?"

"శుక్రవారమని నేనెక్కడన్నాను? చూద్దామన్నాను."

"ఒడెల్లా రాసిందిగా!"

అతను నా దగ్గరకొచ్చి వంగి, పకపకా నవ్వాడు. "మిస్ ఒడెల్లా, మీ కంప్యూటర్ అసలు ఆన్‌లోనే లేదమ్మా! ఇంతసేపూ ఊరికే వేళ్ళు ఆడించారా? అయ్యో పాపం. వచ్చేసారి మా ఆఫీసమ్మాయి రాస్తుంది లెండి."

ఆ పాపమన్న మాటకి నా ఒళ్ళు మండింది. చెవిలో పెట్టుకున్న తీగని కంప్యూటర్లోంచి పీకేశాను. గొంతు బయటపడి గడగడా వాగింది.

"ఇదేంటే, మాటలా, కోళ్ళ గూడా?" అంది జెల్మా.

నేను వినే వేగం అది. వీళ్ళ కోసం తగ్గించాను, చంటిపిల్లలకి అన్నం మెత్తగా పిసికినట్టు.

"మేనేజరు రొప్పారు," అంది గొంతు. "లిఫ్టు శుక్రవారానికి బాగైపోతుంది, నాది పూచీ అన్నారు. ముసలాళ్ళకి మెట్లు మంచి వ్యాయామం అన్నారు. ఆయన తప్ప ఎవరూ నవ్వలేదు."

అప్పుడు నవ్వారు అందరూ, గోడలదిరేలా.

"ఆ తెర వెలిగించండి," అన్నాడు లెస్టర్. "ఏం రాస్తున్నారో నాకు కనబడాలి. ఇకమీద ఇదే రూలు."

"వెలిగించను నాయనా. కావాలంటే విను. నేను రోజూ చేసేది అదేగా." అంటూనే టకటకా కొట్టాను.

"మళ్ళీ ఏం రాస్తున్నారు?"

మీట నొక్కాను. "మేనేజరు తెర వెలిగించమన్నారు. ఒడెల్లా వెలిగించనంది. రాసే పని ఎవరికీ ఇవ్వనంది. శుక్రవారం పొద్దున్నే జెల్మా లిఫ్టు తలుపు ముందు కూర్చుని ఉంటుంది."

లెస్టర్ బూట్లు మెట్లు దిగుతున్నాయి. మధ్యలో ఎక్కడో ఆగి ఫోన్లో అరుస్తున్నాడు. "వచ్చే వారం కాదయ్యా! గురువారమే వచ్చి బాగుచెయ్యి!"

"చర్చికి పెట్టుకునే ఎర్ర టోపీతో కూర్చుంటానని కూడా రాయవే," అంది జెల్మా.

రాశాను.